'అసుర' చూడబోతున్నారా? ఆ నలుగురు అక్కచెల్లెళ్ళ మాటలు ఎలా వినాలో చెప్తా

నెట్‌ఫ్లిక్స్‌లో 'అసుర' అనే పేరు కనపడగానే ఇదేదో రాక్షసుల కథ, కత్తులూ రక్తం ఉంటాయి అనుకుని పక్కకి జరిపేసినవాళ్ళు మనలో చాలామందే ఉండుంటారు, కానీ అందులో అలాంటివేం లేవండీ, ఒక వంటగది, ఒక హాలు, పెద్దవాళ్ళైపోయిన నలుగురు అక్కచెల్లెళ్ళు, ముసలి అమ్మా నాన్నా, అంతే. 2025 జనవరి 9న వచ్చింది, మొత్తం 7 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట అటూఇటూగా ఉంటుంది, డైరెక్టర్ హిరోకజు కొరెఎదా. కథ జరిగేది 1979లో టోక్యోలో. 70 ఏళ్ళ దగ్గర పడిన నాన్నకి బయట ఇంకో ఆవిడ ఉందని, ఆవిడ దగ్గర ఒక చిన్న పిల్లాడు కూడా ఉన్నాడని మూడో కూతురికి తెలుస్తుంది, తను మిగతా ముగ్గురికీ ఫోన్లు చేసి అర్జెంటుగా కలుద్దాం అంటుంది, అక్కడ మొదలవుతుంది అసలు గొడవ.

ఈ సీరియల్‌కి ప్రాణం మాటల్లోనే ఉంది. ఫైట్లు లేవు, పెద్ద ట్విస్టులు లేవు, ఏడుపు మ్యూజిక్ లేదు, మనుషులు కూర్చుని తింటూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు, అంతే. సబ్‌టైటిల్స్ మీద ఆధారపడి చూసేవాళ్ళకి ఎక్కువగా జారిపోయేది కూడా ఈ మాటలే. బాగుందటగా అని మొదలుపెట్టి, మొదటి ఎపిసోడ్ సగంలో "వీళ్ళు ఊరికే వాగుతున్నారేంటి" అని ఆపేసినవాళ్ళు నాకు తెలుసు, ఆ వాగుడే సీరియల్ అని ముందే ఎవరైనా చెప్పుంటే ఆపేవాళ్ళు కాదు. అందుకే ఇది రాస్తున్నా.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుని కూర్చోండి. ఈ ఇంట్లో వాళ్ళు ఎక్కడ బాగా గలగలా నవ్వుతూ మాట్లాడుతున్నారో సరిగ్గా అక్కడే పైకి చెప్పలేని విషయం ఒకటి దాక్కుని ఉంటుంది. మన సినిమాల్లో కామెడీ ట్రాక్ అంటే సీరియస్ కథ మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోడానికి పెడతారు కదా, ఇక్కడ అలా కాదు, జోకు వేసేదే అసలు విషయం దగ్గరికి వెళ్ళకుండా తప్పించుకోడానికి. కాబట్టి నవ్వొచ్చినప్పుడు నవ్వండి, నవ్వేశాక మాత్రం ఈ జోకు ఎవరు వేశారు, దానికి ఒక్క సెకను ముందు ఏ మాట నడుస్తోంది అని వెనక్కి చూసుకోండి.

ముందు మనుషుల్ని గుర్తుపట్టడం. పేర్లన్నీ ఒకేలా వినపడతాయి, మాకికో, తాకికో, సాకికో, కాబట్టి మొదటి పావుగంటలో గందరగోళం గ్యారంటీ. పేర్లు బట్టీ పట్టకండి, ఎవరు ఏం దాస్తున్నారో పట్టుకోండి, అప్పుడు కలవరపడరు. పెద్దక్క త్సునాకో భర్త పోయిన మనిషి, పూల అలంకరణ నేర్పిస్తుంది, పెళ్ళైన ఒక రెస్టారెంటు ఓనరుతో సంబంధం ఉంది, అంటే నాన్న చేసిన పనిని తిట్టాల్సినప్పుడల్లా తన సంగతి తనకి గుర్తొస్తుంది (రియే మియాజావా ఎంత బాగా చేసిందో ఆ ఇబ్బందిని). రెండోది మాకికో, గృహిణి, ఇద్దరు పిల్లలు, బయటికి అన్నీ చక్కగా ఉన్న ఇల్లు, కానీ మొగుడు తకావో మీద అనుమానం, కాబట్టి నాన్న గురించి ఏం మాట్లాడినా అది మొగుడికి తగిలేలాగే మాట్లాడుతుంది. మూడోది తాకికో, లైబ్రరీలో పని, పెళ్ళి కాలేదు, కళ్ళజోడు, రూల్ అంటే రూల్, నాన్న వెనక డిటెక్టివ్‌ని పెట్టింది తనే. చిన్నది సాకికో, ఇంకా పైకి రాని ఒక బాక్సర్‌తో కలిసి బతుకుతోంది, డబ్బుల్లేవు, తాకికోకి తనకి చిన్నప్పట్నుంచి పడదు. మచికో ఓనో, యూ అఓయ్, సుజు హిరోసే వరసగా ఈ ముగ్గురూ.

ఈ నలుగురూ నాన్న గురించి తీర్పు చెప్పడానికి కూర్చుంటారు, కానీ నలుగురికీ తమ తమ బాధలున్నాయి, కాబట్టి ప్రతి డైలాగూ ఇద్దరికి తగులుతుంది, ఎదురుగా ఉన్నవాళ్ళకి ఒకటి, అన్నవాళ్ళకే ఇంకోటి. ఇది పట్టుకున్నారంటే సగం సీరియల్ మీ చేతిలో ఉన్నట్టే.

సెట్టింగుల విషయం త్వరగా చెప్పేస్తా. ఆడియో జపనీస్‌లోనే పెట్టండి, ఏ డబ్బింగూ వద్దు, ఎందుకంటే ఈ నలుగురూ ఒకళ్ళ మాట మీద ఇంకొకళ్ళు పడిపోయి మాట్లాడతారు, ఆ తొక్కిసలాట డబ్బింగ్‌లో పోతుంది. సబ్‌టైటిల్ ఒకేసారి ఒకటి రెండు లైన్లే చూపించగలదు, నలుగురు మాట్లాడుతుంటే రెండు మాటలు తెర మీదకి రానే రావు, అప్పుడు 10 సెకన్లు వెనక్కి వెళ్ళి ఈసారి చదవకుండా మొహాలు మాత్రం చూడండి. స్పీడ్ పెంచి చూసే అలవాటుంటే దీనికి మాత్రం మానుకోండి ప్లీజ్, మాటకీ మాటకీ మధ్య ఉన్న ఆ అరసెకను గ్యాప్‌లోనే సగం అర్థం ఉంటుంది. ఫోన్ చేతిలో పెట్టుకుని చూడటం అస్సలు కుదరదు. ఇంకోటి, చెల్లెళ్ళు అక్కల్ని ఒట్టి పేరు పెట్టి పిలవరు, మనలాగే, సబ్‌టైటిల్‌లో మాత్రం చాలాసార్లు పేరు వేసేస్తారు, కాబట్టి 'ఓనేసాన్' లాంటి పిలుపు చెవిన పడితే అక్కని పిలుస్తున్నారని అర్థం చేసుకోండి, కోపంలో ఆ పిలుపు ఎలా పలుకుతారో కూడా వినండి.

ఇప్పుడు మొదటి ఎపిసోడ్‌లో అక్కచెల్లెళ్ళు నలుగురూ మాకికో ఇంట్లో కలిసే సీను, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే ఇది చూడటం వస్తే మిగతా 6 ఎపిసోడ్లూ చూడటం వచ్చేసినట్టే. జపాన్‌లో కొత్త సంవత్సరానికి గుండ్రటి బియ్యపు ముద్దలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి అలంకరిస్తారు, కగామి మోచి అంటారు, పండగ రోజులు అయ్యాక జనవరి 11 ప్రాంతంలో దాన్ని పగలగొట్టి తింటారు, కత్తితో కొయ్యరు. అప్పటికి అది ఎండి రాయిలా అయిపోయి పగుళ్ళు తేలి ఉంటుంది, ఆ ముక్కల్ని నూనెలో వేయించుకుంటే కరకరలాడుతూ బాగుంటాయి. అక్కచెల్లెళ్ళు తినేది అదే. తాకికో పాపం నాన్న విషయం ఎలా చెప్పాలా అని బిగుసుకుపోయి వచ్చింది, వీళ్ళేమో వేయించుకు తినే పనిలో ఉన్నారు, ఆ పగుళ్ళు చూసి అమ్మ మడమల్లా ఉన్నాయి కదా అని నవ్వుతారు, పెద్దక్కకి గట్టి ముక్క కొరకబోయి పెట్టుడు పన్ను ఊడొస్తుంది, ఇక నవ్వు ఆగదు.

పైపైన చూస్తే ఇది టైంపాస్ కామెడీ. కానీ ఆ మడమల మాట దగ్గర ఆగండి. అమ్మ కాళ్ళు పగిలిపోయేదాకా ఆ ఇంట్లో ఎన్నేళ్ళు చాకిరీ చేసిందో ఒక్క మాట కూడా ఎవరూ అనకుండానే మనకి చెప్పేశారు, అదీ నాన్నకి ఇంకో ఇల్లుందని బయటపడే ముందు, అదీ ఒక జోకు రూపంలో. అమ్మ ఆ గదిలో లేదు, అయినా ఆ సీను మొత్తం అమ్మ గురించే. పన్ను ఊడటం కూడా అంతే, నలుగురిలో అందంగా తయారయ్యే మనిషి, ప్రేమలో ఉన్న మనిషి, ఆవిడ వయసు అందరి ముందూ చేతిలోకి ఊడిపడింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంటుంది పాపం. నాన్న విషయం తెలిశాక కూడా వెంటనే ఎవరూ ఏడవరు, అరవరు, అసలు నమ్మరు, నాన్నకా? అని నవ్వొస్తుంది వాళ్ళకి, తాకికో ఒక్కతే నవ్వలేకపోతుంది. తనకి ఎందుకంత కోపం, నాన్న మీదేనా ఆ కోపం అని అక్కడే ప్రశ్న మొలవాలి మీకు.

ఈ సీను రెండుసార్లు చూడండి. మొదటిసారి సబ్‌టైటిల్స్ చదువుకుంటూ, రెండోసారి చేతులు చూస్తూ. ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు తినడం ఆపేశారు, ఎవరు లేచి వంటగదిలోకి వెళ్ళిపోయారు అన్నది చూడండి. ఈ సీరియల్లో లేచి వంటగదిలోకి వెళ్ళడం అంటే ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు అని.

తర్వాత అమ్మ. ఆవిడ పేరు ఫుజి, చేసింది కేకో మత్సుజాకా. కూతుళ్ళంతా అమ్మకి తెలియకూడదు అని ప్లాన్లు వేస్తుంటారు, ఆవిడ మాత్రం మామూలుగా బట్టలు సర్దుకుంటూ, వంట చేసుకుంటూ ఉంటుంది. (ఇక్కడ మొదటి ఎపిసోడ్‌లోని ఒక సీను చెప్తున్నా, వద్దనుకుంటే ఈ పేరా వదిలేసి కిందకి వెళ్ళండి.) భర్త కోటు దులుపుతుంటే జేబులోంచి చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మ కారు పడుతుంది. ఆవిడ ఏమీ అనదు, నత్త గురించి ఉండే ఒక పిల్లల పాట కూనిరాగం తీస్తూ ఆ కారుని అలా నడిపిస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి మొహం మారిపోయి ఆ కారుని విసిరి తలుపుకేసి కొడుతుంది. ఇంటిల్లిపాదీ అంత మాట్లాడుకునే సీరియల్లో అందరికన్నా పెద్ద మాట మాటలు లేకుండా వచ్చింది చూడండి, అంతకుముందు అరగంట పాటు కూతుళ్ళు అంత వాగకపోతే ఈ నిశ్శబ్దానికి ఇంత బరువు ఉండేది కాదు. కాబట్టి ఆ వాగుడు దగ్గర విసుగొచ్చి ముందుకి తోసేస్తే ఇది కూడా పోతుంది, రెండూ కలిపే రాశారు.

మగవాళ్ళ మాటలు వేరే పద్ధతిలో వినాలి. నాన్న కోతారో, అంటే జున్ కునిమురా, దాదాపు మాట్లాడడు, అడిగినదానికి ఊఁ, ఆఁ, అంతే, ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా పట్టు దొరకదు. రెండో అల్లుడు తకావో, మసాహిరో మోతోకి చేశాడు, ఈయన దీనికి పూర్తి రివర్సు, బాగా మాట్లాడతాడు, చక్కగా మాట్లాడతాడు, మామగారి విషయంలో పెద్దమనిషిలా సలహాలు కూడా ఇస్తాడు, మగవాళ్ళ వైపు కాస్త వెనకేసుకొస్తాడు, అలా వెనకేసుకొచ్చిన ప్రతిసారీ మాకికో మొహం చూడండి. భార్యాభర్తలు మామగారి గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, నిజానికి తమ కాపురం గురించి బేరం ఆడుకుంటున్నారు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, పైకి మాత్రం అనరు. నా దృష్టిలో మొత్తం సీరియల్లో రచన బాగా పదునెక్కేది ఈ ఇద్దరి దగ్గరే.

తాకికో, డిటెక్టివ్ కత్సుమాతా (ర్యూహే మత్సుదా) జంట మాత్రం హాయిగా ఉంటుంది. ఇద్దరికీ మాట్లాడటం రాదు, ఒకళ్ళు పూర్తిచెయ్యని వాక్యం పట్టుకుని ఇంకొకళ్ళు తడబడతారు, వీళ్ళ దగ్గర జోకులు తెలివితేటల్లోంచి కాకుండా భయంలోంచి వస్తాయి. జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళకి ఇక్కడ ఇంకో సరదా, అక్కచెల్లెళ్ళు తమలో తాము మర్యాద ప్రత్యయాలు లేకుండా చనువుగా మాట్లాడుకుంటారు, ఇదే తాకికో కత్సుమాతాతో మాట్లాడేటప్పుడు 'దెస్', 'మస్' అంటూ మర్యాద వదలదు, ఆ మర్యాద ఎప్పుడు ఎక్కువైంది ఎప్పుడు తగ్గింది అని గమనిస్తే ప్రేమకథ సబ్‌టైటిల్స్ లేకుండానే తెలిసిపోతుంది.

కథలో ఒకచోట పేపర్లో వచ్చిన పాఠకురాలి ఉత్తరం గురించి గొడవ ఉంటుంది, పేరు లేకుండా సరిగ్గా వీళ్ళింటి కథే ఎవరో రాసి పంపారు, నలుగురూ ఒకళ్ళనొకళ్ళు అనుమానిస్తారు. ఎవరు రాశారో చెప్పను. మీరు చెయ్యాల్సింది ఏంటంటే ఆ ఉత్తరం గురించి ఎవరు ఏమన్నారో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇదంతా రాసింది ఎవరో తెలిస్తే ఇంకా బాగా వినపడుతుంది. మూలం కునికో ముకోదా అనే రచయిత్రిది, 1929లో టోక్యోలో పుట్టింది, ఆవిడ కూడా నలుగురు పిల్లల్లో పెద్దది, నాన్న ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి, ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్ళు తిరుగుతూ పెరిగింది, బాగా కోపిష్ఠి నాన్న. సినిమా పత్రికలో పనిచేసి తర్వాత రేడియోకి, టీవీకి వచ్చింది. 1974లో టీబీఎస్ అనే జపాన్ టీవీ ఛానెల్లో ఆవిడ రాసిన 'తెరాఉచి కంతారో ఇక్కా' పెద్ద హిట్టు, టోక్యోలో సమాధిరాళ్ళు చెక్కే కుటుంబం, నోటికన్నా చెయ్యి ముందు లేచే నాన్న, భోజనాల బల్ల దగ్గర గొడవలు, అందులో బామ్మ వేషం వేసిన కిరిన్ కికీకి అప్పటికి 30 ఏళ్ళ చుట్టూ వయసు, తర్వాత ఆవిడే కొరెఎదా సినిమాల్లో అందరికీ గుర్తుండిపోయే పెద్దావిడ. ముకోదా రాత అర్థం కాని గీతల్లా ఉండేదట, స్క్రిప్టు చివరి నిమిషంలో ఇచ్చేదట, టీవీ వాళ్ళకి ఇది పెద్ద కథే. వంట అంటే ప్రాణం, 1978లో చెల్లెలితో కలిసి టోక్యోలోని అకసాకాలో 'మమయా' అని చిన్న తిండి హోటలు కూడా పెట్టించింది, కాబట్టి ఈ సీరియల్లో ప్లేటులో ఏముందో ఊరికే పెట్టింది కాదు. 1980లో కథలకి నవోకి ప్రైజ్ అనే పెద్ద సాహిత్య బహుమతి వచ్చింది, మరుసటేడు 1981 ఆగస్టు 22న తైవాన్‌లో విమాన ప్రమాదంలో పోయింది, 51 ఏళ్ళకే. ఇప్పటికీ జపాన్‌లో టీవీ రచయితలకి ఇచ్చే పెద్ద అవార్డు ఆవిడ పేరు మీదే ఉంది. టీవీ రాతని సాహిత్యంలా గౌరవించి అవార్డు పెట్టుకున్నారంటే నాకు భలే ముచ్చటేస్తుంది, మన దగ్గర సీరియల్ రాసేవాళ్ళ పేరు ఎంతమందికి తెలుసు?

ఆవిడ 'అసుర'ని మొదట జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కే కోసం రాసింది, 1979లో 3 భాగాలు, 1980లో ఇంకో 4, మొత్తం 7, కొరెఎదా కూడా ఆ 7 లెక్కనే ఉంచాడు. పాతదాని టైటిల్ మ్యూజిక్ టర్కీ సైనికుల కవాతు పాట, డప్పులూ బాకాలూ మోగుతుంటే ఇంటి కథ మొదలవుతుంది, ఎక్కడైనా దొరికితే ఆ టైటిల్స్ అయినా చూడండి. 2003లో యోషిమిత్సు మొరితా సినిమాగా కూడా తీశాడు, అది ముందు చూడొద్దు, రెండు గంటల్లో ఇరికించాలి కాబట్టి కథ ఉంటుంది కానీ కబుర్లకి చోటు తగ్గిపోయింది.

పేరు సంగతి కూడా ఒక ముక్క. జపాన్ వాళ్ళ అసురుడు మన పురాణాల నుంచి బౌద్ధంతో పాటు అక్కడికి వెళ్ళినవాడే, కానీ మన బొమ్మల్లోలా కోరలు, పెద్ద మీసాలు ఊహించుకోకండి. నారాలోని కోఫుకుజి గుడిలో 734 నాటి అసుర విగ్రహం ఉంది, మూడు మొహాలు, ఆరు చేతులు, సన్నగా కుర్రాడిలా ఉంటాడు, కనుబొమలు కొద్దిగా ముడిపడి ఉంటాయి, కోపమో బాధో చెప్పలేం. ఒకసారి ఆ ఫోటో చూసి సీరియల్ మొదలుపెట్టండి, నలుగురి మొహాల్లోనూ అది ఎక్కడో ఒకచోట కనపడుతుంది.

1979 అన్న సంగతి కూడా గుర్తుండాలి. సెల్‌ఫోన్లు లేవు, ఇంట్లో ఒక్కటే నల్ల ఫోన్, అది ఎవరెత్తుతారో తెలీదు, బయట ఉంటే 10 యెన్ నాణెం వేసి మాట్లాడాలి. అబద్ధం చెప్పాలంటే గొంతుతోనే చెప్పాలి, పక్కన వినేవాళ్ళుంటారు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ గదిలో ఎవరెవరున్నారో లెక్కపెట్టుకోండి, మాట్లాడేవాళ్ళు ఎవరికి వినపడకూడదని గొంతు మార్చారో తెలుస్తుంది.

ఎలా పంచుకుని చూడాలి అంటే, రోజుకి ఒక్కటి, అంతకన్నా వద్దు. వరసపెట్టి చూస్తే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎవరేమన్నారో గుర్తుండదు. వీలైతే అక్కో చెల్లో పక్కనుండగా చూడండి, లేదా ఇద్దరూ ఒకే రోజు చూసి ఫోన్ చేసుకోండి, మీ ఇద్దరికీ వేరేవేరే అక్కలు నచ్చుతారు, దాని మీద మీకే ఒక ఎపిసోడంత వాదన నడుస్తుంది. నాకు మాకికో, ఎవరేం చెప్పినా మాకికోనే.

అయిపోయాక ఇదే రుచి కావాలంటే కొరెఎదా 2012లో టీవీకి తీసిన 'గోయింగ్ మై హోమ్' ఉంది, 10 ఎపిసోడ్లు, హిరోషి అబే హీరో, ఇంకా నెమ్మది, ఇంకా మెత్తన. మాటల పదును కావాలంటే మాత్రం యూజీ సకమోతో రాసిన 'క్వార్టెట్', 2017 టీబీఎస్, అదీ 10 ఎపిసోడ్లే, కరుయిజావాలో ఒకే ఇంట్లో ఉండే నలుగురు సంగీతకారులు, రక్తసంబంధం లేని కుటుంబం అనుకోండి, ర్యూహే మత్సుదా అందులోనూ ఉన్నాడు. మొదటి ఎపిసోడ్‌లో అందరికీ కలిపి పెట్టిన వేయించిన చికెన్ మీద అడక్కుండా నిమ్మకాయ పిండొచ్చా పిండకూడదా అని భోజనాల దగ్గర పెద్ద చర్చ పెడతారు, 'అసుర' చూసి వచ్చినవాళ్ళకి అది చికెన్ గురించి కాదని వెంటనే తెలిసిపోతుంది. హషిదా సుగాకో రాసిన 'వతారు సెకెన్ వా ఓని బకారి' అని ఐదుగురు కూతుళ్ళ సీరియల్ కూడా చాలా ఫేమస్, 1990 నుంచి 2011 దాకా నడిచింది, కానీ అందులో మనుషులు మనసులో ఉన్నదంతా పొడుగు పొడుగు డైలాగుల్లో పైకి చెప్పేస్తారు, ముకోదా పద్ధతికి పూర్తిగా ఎదురు, కాబట్టి దాన్ని ఆఖర్న పెట్టుకోండి.